గట్టు దాటినవాడు

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి పిందె కట్టింది మొదలు చివరి కోత దాకా రైతుల అరుగుల మీద ఒకటే వాదన. పిలవని మనిషి తోటలోకి వస్తే ఏం చెయ్యాలి? కేకేసి పంపెయ్యాలా, కేసు పెట్టాలా, చెట్టుకు కట్టెయ్యాలా, కరెంటు పెట్టాలా? ఈ వాదనలోని రెండు పక్షాలనూ ఇక్కడ ఇద్దరి చేత మాట్లాడిస్తున్నాను. ఒకాయన నాలుగెకరాల మామిడి, దాని పక్కనే ఎకరంన్నర మొక్కజొన్న ఉన్న రైతు. రెండో మనిషి ఆయన అన్నగారి కూతురు, ప్లీడరు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచను. అయితే రైతు కోపాన్ని చిన్నబుచ్చి రాయడం నాకిష్టం లేదు. దానికి కారణాలున్నాయి.

బాబాయి: అమ్మాయ్, సూటిగా అడుగుతున్నాను చెప్పు. పట్టా నాది, పాసుపుస్తకం నాది, ఆ చెట్లు మా నాన్న కావిళ్లతో నీళ్లు మోసి పెంచినవి. నా పొలం చుట్టూ నేను తీగ కట్టుకుంటే మీ చట్టానికి వచ్చిన కష్టమేంటి?

ప్లీడరు: తీగ కట్టుకోండి బాబాయ్, ఎవరూ కాదనరు. కానీ మీరు చేసింది అది కాదు కదా. బోరు స్టార్టరు దగ్గర ఒక ఫేజు నుంచి బైండింగు వైరు లాగి, కర్రలు పాతి మోకాలెత్తున చుట్టారు. రాత్రి భోజనమయ్యాక వెళ్లి స్విచ్చి వేసొస్తున్నారు. పిన్ని చెప్పింది నాకు.

బాబాయి: పందుల కోసం. ఒక్క రాత్రికి మొక్కజొన్నను ఎలా పడుకోబెడతాయో నువ్వు చూళ్లేదు. తినేది ఒక కండె, తొక్కేది పది కర్రలు. డప్పు కొట్టాం, పాత చీరలు కట్టాం, టపాకాయలు కాల్చాం. నాలుగు రోజులు బెదురుతాయి, ఐదో రోజు అలవాటు పడతాయి. ఫారెస్టు వాళ్ల దగ్గరికి నష్టపరిహారం కోసం తిరిగే ఓపిక నాకు లేదు.

ప్లీడరు: ఆ తీగకి పందేదో మనిషేదో తెలియదు. అందులో ఉన్నది 230 వోల్టులు. తడి నేల మీద చెప్పుల్లేని కాలితో తగిలాడంటే ఒంట్లోంచి 30 మిల్లీయాంపియర్లు దాటి కాసేపు పారినా గుండె లయ తప్పొచ్చు. చేత్తో పట్టుకుంటే కండరాలు బిగుసుకుపోతాయి, వదిలించుకోవాలన్నా వదలదు. మన రెండు రాష్ట్రాల్లో ఇలా పోయినవాళ్ల వార్తలు ప్రతి పంట కాలంలో చదువుతూనే ఉన్నాం. వాళ్లలో దొంగలెంతమంది? పక్క చేనుకి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు, తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ వచ్చినవాడు, స్విచ్చి తీశాననుకుని చేలోకి దిగిన ఆ ఇంటి మనిషే. వాళ్ల ఇళ్లల్లో ఏడుపులు వినే నేను ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

బాబాయి: బోర్డు పెట్టాను. పుర్రె బొమ్మ కూడా వేయించాను.

ప్లీడరు: చీకట్లో బోర్డు ఎవరు చదువుతారు? చదువు రాని పిల్లాడి సంగతేంటి? మనిషి పోతే అది ప్రమాదమని రాయించుకోవడం కుదరదు. ప్రాణం పోతుందని తెలిసే పెట్టారు కాబట్టి హత్యగా పరిగణించని నరహత్య, భారతీయ న్యాయ సంహితలో 105వ సెక్షను. కరెంటు దొంగిలించినందుకు 2003 విద్యుత్ చట్టం 135 వేరే. మనిషి బదులు పంది చచ్చినా 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉండనే ఉంది. పందుల బాధ నిజమే. దానికి సోలారు కంచె పెట్టండి. అందులో ఎనర్జైజరు అని ఒక పెట్టె ఉంటుంది. వోల్టేజీ ఎక్కువే గానీ కరెంటు నిలకడగా పారదు. సెకనుకి ఒక్కసారి, రెప్పపాటులో వెయ్యో వంతు సేపు కొట్టి ఆగిపోతుంది. తగిలినవాడు కెవ్వుమని వెనక్కి దూకుతాడు, అతుక్కుపోడు. పందికీ అంతే. ముక్కుకి రెండుసార్లు తగిలితే దారి మార్చుకుంటుంది.

ఇక్కడ ఒక్క మాట నేను చెప్పాలి. తోటల కాపలా గురించిన తగాదాలన్నిటిలోనూ రెండు వైపులా ఎంతో కొంత న్యాయం కనిపిస్తుంది. ఈ కరెంటు తీగ విషయంలో నాకు రెండో వైపు కనిపించదు. పంట ఎంత పోయినా సరే.

బాబాయి: సరే, పందుల సంగతి సోలారుతో చూస్తాను. మరి మనుషుల సంగతి? నీకు మామిడి దొంగతనమంటే పిల్లకాయలు రెండు కాయలు కోసుకోవడమనుకుంటున్నావు. రాళ్లతో కొడతారమ్మాయ్. మేం చిక్కంతో, ముచ్చిక ఊడకుండా, వేలెడు తొడిమతో దింపే కాయని రాయిపెట్టి కొడితే సొన కారి కాయంతా నల్ల మచ్చ పడుతుంది. అది మార్కెట్టుకి పనికిరాదు. పట్టుకెళ్లే దానికంటే పాడుచేసే దానికే నా కడుపు మండేది. కొమ్మ విరిగితే వచ్చే ఏటి కాపు కూడా పోయినట్టే. అసలే బంగినపల్లి ఒక ఏడు కాస్తే ఒక ఏడు మొహం చాటేస్తుంది.

ప్లీడరు: ఒప్పుకుంటున్నాను.

బాబాయి: ఆగు, ఇంకా అవలేదు. సాయంత్రమైతే బళ్లేసుకుని వస్తారు, ఊళ్లోవాళ్లు కూడా కాదు. చెట్ల కింద కూచుని తాగి సీసాలు బోదెల్లో పగలగొట్టిపోతారు. కలుపు తియ్యడానికొచ్చిన మనిషికి అరికాలు చీరుకుపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి కుట్లు వేయించింది నేను. ఎండాకులు మోకాలెత్తున ఉండే తోటలో బీడీ పారేస్తారు. మోటారు కేబులు కోసుకుపోయి, కాల్చి, రాగి తూకానికి అమ్ముకుంటారు. స్టేషనుకెళ్తే రాసుకుంటాం, చూస్తాం అంటారు. ఇంక నేను కర్ర పట్టుకోకపోతే ఏం పట్టుకోను?

ప్లీడరు: కర్ర పట్టుకునే హక్కు మీకు కొంతవరకు ఉంది బాబాయ్. ఎంతవరకన్నదే తెలియాలి. ఆస్తిని కాపాడుకోవడానికి దొంగతనాన్నీ, విధ్వంసాన్నీ, అక్రమ ప్రవేశాన్నీ అడ్డుకోవచ్చని న్యాయ సంహిత 35వ సెక్షను చెబుతుంది. అడ్డుకోవడానికి ఎంత అవసరమో అంతే, అంతకు మించి కాదు అని 37 చెబుతుంది. ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే దొంగతనం లాంటి వాటికే. కాయలు కోసుకుని పరిగెత్తేవాడి తల మీద వెనక నుంచి కొడితే అది ఆత్మరక్షణ అవదు. వాడు పారిపోయాడంటే మీ హక్కు కూడా అక్కడితో ఆగిపోయింది.

బాబాయి: పట్టుకోవచ్చా, అది కూడా తప్పేనా?

ప్లీడరు: పట్టుకోవచ్చు. మీ కళ్ల ముందు పెద్ద నేరం చేస్తే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. అయితే ఇక్కడ మీకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది, నేనే చెబుతాను. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక, దొంగిలించిన సొత్తు ఐదు వేల లోపైతే మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. మొదటిసారి దొరికినవాడు సొత్తు తిరిగిస్తే సమాజ సేవే శిక్ష.

బాబాయి: చూశావా మరి! ఒక బుట్ట కాయలు ఐదు వేలు చేస్తాయా ఎక్కడన్నా? అంటే రోజూ ఒక బుట్ట పట్టుకుపొమ్మని చట్టమే చెప్పింది.

ప్లీడరు: అందులో మీ బాధ న్యాయమైనదే. చిన్న రైతుకి ఐదు వేలు చిన్న మొత్తం కాదన్నది ఆ రాసినవాళ్లకి తట్టి ఉండదు. అందుకే ఫిర్యాదులో ఒక్క దొంగతనమే రాయకూడదు. కాయ చెట్టునున్నంతసేపూ నేలతో పాటు లెక్క, కోసిన క్షణం నుంచే దొంగతనం. కానీ విరిగిన కొమ్మలూ, పాడైన కాయలూ, పగిలిన సీసాలూ విధ్వంసం కిందికి వస్తాయి. నష్టం ఇరవై వేలు దాటితే 324 కింద రెండేళ్ల దాకా శిక్ష. అక్రమ ప్రవేశానికి ఊళ్లో అందరూ 447 అనే కేసు ఇప్పుడు 329. మూడు నెలల జైలో, ఐదు వేల జరిమానానో, రెండూనో. అయితే వట్టినే నడిచి వెళ్లినవాడి మీద అది నిలవదు. నేరం చెయ్యాలనో, బెదిరించాలనో, చికాకుపెట్టాలనో ఉద్దేశంతో వచ్చాడని చూపించాలి. ఫోన్లో ఫొటో తియ్యండి, బండి నంబరు రాసుకోండి, వీఆర్వో చేత నష్టం రాయించండి. కాగితం లేకుండా స్టేషనుకి వెళ్తే చూస్తాం అనే అంటారు.

బాబాయి: ఇవన్నీ రాసుకుంటూ కూచుంటే తోట ఎవరు చూస్తారు?

ప్లీడరు: గుత్తకిచ్చినప్పుడు ఎవరు చూస్తున్నారు? మీరా? పూత మీదే వ్యాపారికి తోట అప్పగిస్తారు. వాడొక కాపలామనిషిని పెడతాడు. వాడు రాత్రంతా మంచె మీద. ఎవరైనా వస్తే కర్రతో దిగేది వాడు, రేపు కేసైతే జైలుకెళ్లేదీ వాడే. పోయినేడు ఒక పిల్లాణ్ణి చెట్టుకు కట్టేసింది మీరు కాదు, ఆ కాపలామనిషి. మీరు చూస్తూ ఊరుకున్నారు.

బాబాయి: కట్టేస్తే భయం ఉంటుందని. ఒక్క దెబ్బ కూడా వెయ్యనివ్వలేదు.

ప్లీడరు: కట్టెయ్యడమే నేరం బాబాయ్, అక్రమ నిర్బంధం. దెబ్బ వేశారా లేదా అన్నది తరువాతి సంగతి. ఆ పిల్లాడు ఏ పేటవాడు?

బాబాయి: నేను కులం చూడను. దొంగకి కులమేంటి?

ప్లీడరు: మీరు చూడరు, నాకు తెలుసు. కానీ ఈ తోటలో ఇప్పటిదాకా ఎవరెవర్ని కట్టేశారో, ఎవరెవరికి కాయలిచ్చి పంపారో గుర్తు తెచ్చుకోండి. ఊరి పెద్దమనిషి కొడుకు స్నేహితులతో కలిసి చెట్టెక్కితే కుర్రతనం అన్నారు, బుట్టెడు ఇచ్చి పంపారు. పేట నుంచి ఎండుపుల్లలకొచ్చిన ఆడపిల్లని మాత్రం దొంగది అన్నారు. ఒకే గట్టు, ఒకే కాయ. 1989 నాటి అట్రాసిటీ చట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కోర్టుకి రానక్కర్లేదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు దానికి జవాబివ్వలేదు, వేరే సంగతెత్తుకున్నాడు. నా అనుభవంలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్లు తక్కువ. అక్రమ ప్రవేశమన్నది నేల గురించిన తగాదాగా కనిపిస్తుంది గానీ, ఎవరు లోపలికొస్తే మనకి మండుతుందన్నది నేల నిర్ణయించేది కాదు.

బాబాయి: మరి గొర్రెలూ మేకల సంగతి చెప్పు. అంటు మొక్కలు నాటి రెండేళ్లు కాలేదు. మంద ఒక్క పూట పడిందంటే చిగుళ్లన్నీ కొరికేస్తాయి, ఆ మొక్క మళ్లీ ఎదగదు. పట్టుకుని కట్టేస్తే నా మందని ఎలా కడతావని గొల్లాయన మీదికొస్తాడు.

ప్లీడరు: దానికి 1871 నుంచి చట్టముంది. పశువుల అక్రమ ప్రవేశాల చట్టం. గొర్రె, మేక, పంది, గేదెలే కాదు, ఏనుగూ ఒంటే కూడా ఉన్నాయి అందులో. మీ పంట పాడుచేస్తున్న పశువుని పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలొచ్చు. అడ్డమొచ్చి విడిపించుకుపోతే వాడిదే నేరం, ఆర్నెల్ల దాకా జైలు. ఇంటి దగ్గర కట్టేసుకోవడం, మేత పెట్టకపోవడం మాత్రం చెయ్యకూడదు. కోపంతో కాలు విరగ్గొట్టినా, మందు పెట్టినా ఐదేళ్ల దాకా శిక్ష.

బాబాయి: బందెలదొడ్డి ఎక్కడుంది? మా చిన్నప్పుడుండేది. గోడ కూలింది, చింతచెట్టు మొలిచింది, ఆ స్థలంలో ఇప్పుడింకేదో కట్టారు. చట్టం ఉండి దొడ్డి లేకపోతే నేను మందని ఎక్కడికి తోలను, నీ ఆఫీసుకా?

ప్లీడరు: ఆ మాట పంచాయతీని అడగాలి, గట్టిగా అడగాలి. నేను మీ తరపున రాస్తాను. ఇంకో సంగతి మిమ్మల్నే అడుగుతాను. తాతయ్య బతికున్నప్పుడు వేసవిలో ఇదే గొల్లాయన మందని మన చేలో నిలిపేవాడు. రాత్రంతా మంద ఉంటే ఎరువు పడుతుందని పిలిచి మరీ డబ్బూ గింజలూ ఇచ్చి కట్టించుకునేవాళ్లం. ఇప్పుడు డీఏపీ బస్తా వచ్చింది, ఆయనతో పని లేదు. ఊళ్లో బంజరు కూడా మిగల్లేదు. ఆ మంద ఎక్కడ మెయ్యాలి?

బాబాయి: అదే నాకు నచ్చనిది. ఒకప్పుడు మా నాన్న పిలిచాడని ఇప్పుడు పిలవకుండా రావచ్చా? కోత తరువాత చేలో మంద నిలపడం వేరు, నా లేత అంట్ల మీద పడటం వేరు. ఊళ్లో బంజరు లేకపోతే దాన్ని ఆక్రమించుకున్నవాళ్లని అడగాలి. అందరూ నా గట్టే ఎందుకు దాటాలి? పెద్దవాళ్ల జామాయిల్ తోటలకి ఇనప కంచెలున్నాయి, అక్కడికి ఎవరూ వెళ్లరు. కంచె వేసుకునే స్తోమత లేని నా దగ్గరికే అందరూ.

ఈ మాట దగ్గర ఆమె తగ్గింది. తగ్గాల్సిందే. ఊరి ఉమ్మడి నేల ముక్కలైపోతే దాని భారం మోసేది పెద్ద కమతం కాదు, దాని పక్కనున్న చిన్న తోట. మేతకి చోటు లేని కాపరీ, కంచెకి డబ్బు లేని రైతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. బంజరు కాజేసినవాడికి ఈ తిట్లేవీ తగలడం లేదు.

ప్లీడరు: నిజమే బాబాయ్. అంట్ల చుట్టూ కంప వేసే ఖర్చు పంచాయతీ పెద్దల ముందు గొల్లాయన దగ్గర కొంత ఇప్పించొచ్చు. నష్టం ఇద్దరు పక్క రైతులు చూసి చెబితే ఆయన కాదనడు, ఎప్పుడూ కాదన్లేదు కూడా.

బాబాయి: చూద్దాం. మరి అడ్డదారి? చెరువుకి వెళ్లేవాళ్లంతా నా తోట మధ్యలోంచే. పుంత మీదుగా వెళ్తే చుట్టూ తిరగాలని. పోనీలే అని ఊరుకున్నాను, ఇప్పుడు మోటారుసైకిళ్లు తోలుతున్నారు. ఇరవయ్యేళ్లు నడిస్తే దారి వాళ్లదైపోతుందని ఎవడో అన్నాడు, అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. దయ చూపించినందుకు నేల పోతుందా?

ప్లీడరు: దయ చూపిస్తే పోదు, నోరు మూసుకుంటే పోతుంది. 1882 ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను. ఇరవయ్యేళ్లు బాహాటంగా, ఎవరూ అడ్డుకోకుండా, హక్కుగా నడిస్తేనే దారి హక్కు పుడుతుంది. మీ అనుమతితో నడిస్తే అది హక్కుగా నడిచినట్టు కాదు. అందుకని మూసెయ్యనక్కర్లేదు. తోట మొదట్లో ఒక గేటు పెట్టండి, యజమాని అనుమతితో కాలినడకన మాత్రమే అని బోర్డు పెట్టండి. ఏడాదికొక రోజు గేటు మూసి ఫొటో తీసుకోండి. ముందు మాత్రం గ్రామ పటం, పొలం కొలతల నక్షా ఎఫ్ఎంబీ తెప్పించి చూడాలి. అందులో మీ తోట గుండా దారి గీసి ఉంటే అది మొదట్నుంచీ మీది కాదు, గేటు పెట్టకూడదు. వేరే దారే లేని పొలానికి వెళ్లేవాడినీ అడ్డుకోలేం.

బాబాయి: అనుమతి ఇచ్చి నిలబెట్టుకోవడమా! వినడానికి వింతగా ఉంది.

ప్లీడరు: మీరు దారినపోయేవాళ్ల గురించి నిద్ర పోగొట్టుకుంటున్నారు గానీ, తూర్పు గట్టు చూశారా ఈమధ్య? పక్కాయన ట్రాక్టరుతో ప్రతి ఏడూ ఒక చాలు లోపలికి దున్నుతున్నాడు. అక్కడి సర్వే రాయి కనపడటం లేదు. కాయలు కోసినవాడు కాయలే పట్టుకెళ్తాడు. గట్టు జరిపినవాడు పన్నెండేళ్లు మాట్లాడకుండా ఉంటే నేలే తనదంటాడు, 1963 లిమిటేషన్ చట్టం 65వ అధికరణ. చుట్టరికమని మీరు ఊరుకున్నారు.

బాబాయి: రేపే వెళ్లి గట్టు వెనక్కి లాగేస్తా.

ప్లీడరు: వద్దు. స్థిరపడిన స్వాధీనంలో ఉన్నవాణ్ణి అసలు హక్కుదారైనా బలవంతంగా గెంటకూడదని 2003లో రామేగౌడ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వేకి దరఖాస్తు చెయ్యండి, రాళ్లు పాతించండి, వినకపోతే ఇంజంక్షను దావా వేద్దాం. మిమ్మల్నే బలవంతంగా తోసేస్తే ఆర్నెల్లలోపు దావా వేస్తే చాలు, హక్కు ఎవరిదన్న మాట లేకుండానే స్వాధీనం తిరిగిప్పిస్తారు.

బాబాయి: దొంగకీ ఆ కాపుదలేనా? నా నేలలో వాడు, వాణ్ణి నేను తొయ్యకూడదు?

ప్లీడరు: కోపం తెప్పించే సూత్రమే. కానీ రేపు ఎవడో హైదరాబాదు నుంచి దొంగ దస్తావేజు పట్టుకుని పాతికమంది మనుషులతో మీ గేటు ముందుకొస్తే, మిమ్మల్ని కాపాడేది కూడా అదే సూత్రం. అమెరికాలో ఉన్నవాళ్ల పొలాలు ఎలా పోతున్నాయో నేను రోజూ చూస్తున్నాను. రాళ్లు లేవు, కంచె లేదు, ఏడాదికొకసారి కూడా వచ్చి చూసేవాడు లేడు, అడంగల్లో ఎవరి పేరుందో తెలియదు. కౌలుకి చేసేవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. అతన్ని తోసేసినా అడిగే దిక్కుండదు. మీరు రోజూ తోటలో కనిపిస్తారు, దాన్ని మించిన కాపలా లేదు. బలంతోనే తేల్చుకుందామంటే మన కంటే బలమున్నవాళ్లు ఈ మండలంలో చాలామంది ఉన్నారు బాబాయ్.

బాబాయి: సరే. తీగ ఈ పూటే పీకేస్తాను. కాపలామనిషికీ చెబుతాను, ఎవర్నీ కట్టెయ్యొద్దని. గేటు పెడతాను, కాలినడకకే. గొల్లాయన్ని నువ్వే పిలిపించు, నేను పిలవను. ఆ సీసాలవాళ్ల మీద మాత్రం నేను తగ్గేది లేదు. బండి నంబర్లు రెండు నా దగ్గరున్నాయి. ఫిర్యాదు నువ్వు రాయి, 324 కూడా వేసి రాయి. సోమవారం స్టేషనుకి నాతో నువ్వూ రావాలి, నన్నొక్కణ్ణే పంపిస్తే మళ్లీ చూస్తామనే అంటారు.

ప్లీడరు: వస్తాను. ఆ కాలు తెగిన ఆవిణ్ణి కూడా తీసుకురండి, కుట్లు వేసిన చీటీతో సహా. సర్వే దరఖాస్తు మీద మీ సంతకం మాత్రం ఇప్పుడే కావాలి.

బాబాయి: చుట్టరికం పోతుందే, అమ్మాయ్.

ప్లీడరు: చాలు లోపలికి దున్నినప్పుడు ఆయనకి గుర్తు రాలేదు. ఇదిగో కాగితం.